సున్నం ఆదిశేషమ్మ నాలుక

సున్నం ఆదిశేషమ్మకు భయమంటే తెలియదని పాళెంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. తుఫాను వస్తోంది, అందరూ స్కూలు బిల్డింగుకు పోండని మైకులో అరుస్తుంటే, సున్నపు బట్టీలో గుల్ల సగమే కాలింది, ఇది పూర్తిగా కాలనీయండి వస్తానని కూర్చున్న మనిషి. తాగొచ్చి చెయ్యెత్తిన మొగుడికి సున్నపు చేత్తోనే చెంప మీద ఒకటి ఇచ్చుకుంటే, అయిదు వేళ్ళ అచ్చు పది రోజులు పోలేదట. ఆయన పోయి పన్నెండేళ్ళయినా ఆడవాళ్ళు ఆ సంగతి తలుచుకుని నవ్వుకుంటూనే ఉంటారు. అదంతా నిజమే. అయితే ఆ మాటలు చెప్పేవాళ్ళలో ఒక్కరు కూడా రెండేళ్ళ కిందట కార్తీకం నుంచి మాఘం దాకా ఆమె నోట్లోకి తొంగి చూసినవాళ్ళు కాదు. చూసి ఉంటే ఇంకో రకంగా చెప్పుకునేవాళ్ళు.

బోగోలు మండలంలో సముద్రం ఒడ్డున ఉన్న పాళెం అది. మొగవాళ్ళు వేటకు పోతారు, ఆడవాళ్ళు చేపల గంపలెత్తుకుని ఊళ్ళ మీదికి పోతారు. ఆదిశేషమ్మ మాత్రం తల్లి దగ్గర నేర్చుకున్న పనే పట్టుకుంది. ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోట గుల్లలు ఏరుకొస్తుంది. ఇంటి వెనక నడుమెత్తు మట్టిబట్టీలో బొగ్గుతో కలిపి కాలుస్తుంది. కాలిన గుల్ల మీద నీళ్ళు చల్లితే బుసబుసమని పొంగి తెల్లటి పిండవుతుంది. దాన్ని పాత పంచెగుడ్డలో వడగట్టి, కుండలో వారం నానబెట్టి, తాంబూలం వేసుకునేవాళ్ళకు అమ్ముతుంది. గోడలకు రంగులొచ్చాక సున్నం అడిగేవాళ్ళు తాంబూలంవాళ్ళే మిగిలారు. బోగోలు నుంచి కావలి దాకా వాళ్ళకు ఆదిశేషమ్మ సున్నమే కావాలి. ఎందుకంటే ఆమె సున్నం నోరు పొక్కించదు.

పొక్కించకపోవడానికి కారణం ఆమె నాలుక. ప్రతి కుండలోంచీ చూపుడువేలితో రవ్వంత తీసి, నాలుక ఎడమ అంచున పెట్టుకుని, కళ్ళు మూసుకుని పది లెక్కబెడుతుంది. చురుక్కుమంటే ఇంకో రెండు రోజులు నీళ్ళలో ఉండాలి. చల్లగా కొరికితే డబ్బాకెత్తచ్చు. తల్లి అట్లాగే చూసింది, ఆమె అట్లాగే చూసింది. పదిహేనో ఏట మొదలుపెట్టి యాభై రెండో ఏడు దాకా ఎన్ని కుండల సున్నం ఆ అంచు మీద పడిందో దేవుడికే ఎరుక. చెప్పలేదు గదా, ఆమె కూడా తాంబూలం మనిషే. ఆకు, వక్క, సున్నం, చిటికెడు పొగాకు. పొద్దున లేచి కాఫీకి ముందొకటి, ఆ తర్వాత ఎన్నో.

సున్నం మంచిదైనా వేసుకునే చేతులు ఒక రకంగా ఉండవు. ఎవరికైనా నోరు పొక్కితే నేరుగా ఆదిశేషమ్మ గడపలోకి వచ్చేవాళ్ళు. ఆమె మనిషిని వెలుతురుకు తిప్పి, నోరు తెరవమని, వేలితో తడిమి చూసేది. "సున్నమే. నాలుగు రోజులు కొబ్బరినూనె రాసుకో. ఆకు జోలికి పోబాక," అనేది. అయిదో రోజుకు మానిపోయేది. ఏళ్ళ తరబడి అట్లా మానుతూ వచ్చేసరికి, నోటికి ఏమొచ్చినా ఆదిశేషమ్మ చూస్తే చాలనే నమ్మకం పాళేనికి కుదిరింది. ఆ నమ్మకం ఆమె తలకు కూడా కొంచెం ఎక్కింది. డాక్టరు దగ్గరికి ఎవరన్నా పోతానంటే మూతి తిప్పేది.

ఆ నమ్మకంతోనే మూడేళ్ళ కిందట సొంత తమ్ముడు మాల్యాద్రి వచ్చి ఆమె ముందు కూర్చున్నాడు.

మాల్యాద్రి పడవ మనిషి. వల లాగేటప్పుడు రెండు చేతులూ తాడు మీద ఉంటాయి కాబట్టి పొగాకు ఉండ చేసి కుడి బుగ్గలో దోపుకునేవాడు. అది గంటల తరబడి అక్కడే ఊరేది. ఒడ్డుకు వచ్చాక మందు చుక్క ఎటూ తప్పదు. "అక్కా, బుగ్గలో తెల్లగా పొక్కింది. కారం తగిలితే మండతా ఉండాది. సున్నమేనా?" అన్నాడు. ఆదిశేషమ్మ వేలు పెట్టి చూసింది. సున్నం పొక్కు మెత్తగా ఉంటుంది, పైన పొర లేస్తుంది. ఇది అట్లా లేదు. లోపల ఎక్కడో గట్టిగా, చేపముల్లు విరిగి ఉండిపోయిన చోట కాయ కట్టినట్టు తగిలింది. ఆ వేలు ఒక్క క్షణం ఆగింది. తమ్ముడు నోరు తెరుచుకునే ఆమె కళ్ళలోకి చూస్తున్నాడు. వాడికి భయంగా ఉందని ఆమెకు తెలుస్తూనే ఉంది. ఆమెకు కూడా భయం వేసింది.

"సున్నమేరా," అంది. "నాలుగు రోజులు నూనె రాసుకో."

నాలుగు రోజులు కాస్తా అయిదు నెలలయ్యాయి. ముందు పన్ను ఊగింది. తర్వాత నోరు మూడు వేళ్ళు పట్టేంత కూడా తెరుచుకోలేదు, అన్నం ముద్దలు గోళీలంత చేసుకుని తోసుకునేవాడు. దవడ కింద గడ్డ లేచింది. అప్పుడు పెద్దాసుపత్రికి తీసుకుపోతే అక్కడి డాక్టరు మాల్యాద్రి భార్య పేరమ్మ వైపు చూసి, "అయిదు నెలల కిందట తెచ్చుంటే కోసి తీసేసేవాళ్ళం కదమ్మా" అన్నాడు. పక్కనే ఆదిశేషమ్మ ఉంది. పేరమ్మ మాత్రం అంత ఏడుపులోనూ, "మా వదిన అప్పుడే చూసింది సారూ, అప్పటికి అది సున్నం పొక్కే. తర్వాత తిరగబెట్టినట్టుండాది," అని వదిననే వెనకేసుకొచ్చింది. చివరి రోజుల్లో మాల్యాద్రి బుగ్గకు కన్నం పడి, తువ్వాలు చుట్టుకుని కూర్చునేవాడు. తాగిన నీళ్ళు బుగ్గలోంచి కారేవి. ఆ వాసనకు ఈగలు ముసిరేవి. చివరిదాకా అక్క మీద ఒక్క మాట అనలేదు. వేలికి గట్టిగా తగిలిన సంగతి ఆదిశేషమ్మ ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు కార్తీకానికి వద్దాం. ఒక పొద్దున కుండ సున్నం నాలుక మీద పెట్టుకుంటే చురుక్కుమంది. మంచినీళ్ళు పుక్కిలించింది. మర్నాడు చూసుకుంటే ఎడమ అంచున బియ్యపు గింజంత తెల్లమచ్చ. "సున్నమే," అని అద్దంలో తనకు తానే చెప్పుకుంది. "నాలుగు రోజులు."

అయిదో రోజుకు మానలేదు. ఎనిమిదో రోజున మచ్చ చుట్టూ ఎర్రగా అయింది. పదిహేనో రోజుకు నడుమ చిన్న గుంట పడింది. ఆదిశేషమ్మకు సున్నం పొక్కు ఎట్లా ఉంటుందో జిల్లాలో అందరికంటే బాగా తెలుసు. అదే వచ్చిన చిక్కు. వేరెవరైనా అయితే సున్నమేలే అని నిజంగానే నమ్మి ఉండేవాళ్ళు. ఆమె అబద్ధం చెప్పుకోవాల్సి వచ్చింది. అద్దంలో నాలుక చాపి చూసుకునేది గానీ, వేలు పెట్టి తడిమేది కాదు. గట్టిగా తగిలితే ఏం చెయ్యాలో తెలియక.

కూతురు చిట్టి కావలిలో మందుల అంగడిలో పని చేస్తుంది. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం వస్తుంది. నోటిపూత వచ్చింది, ఏమైనా తెచ్చిపెట్టమంటే బి కాంప్లెక్స్ మాత్రలు, పూసుకునే మందు ట్యూబు తెచ్చింది. రెండు ట్యూబులు అయిపోయాక, "మా ఓనరు చెప్పినాడుమా. పదిహేను రోజుల్లో మానని పుండు నోట్లో ఉంటే ఉత్త పూత కాదంట, డాక్టరుకి చూపియ్యాలంట. ఏదీ, నోరు తెరువు," అంది.

"మానిపోయిందిలేవే. నువ్వు ముందు నీ బస్సు సంగతి చూసుకో," అని కసిరి పంపించింది. బిడ్డ అట్లా వీధి మలుపు తిరిగిందో లేదో, ఆమె గడప మీద కూలబడిపోయింది.

ఇక ఆ తర్వాత రోజులు ఎట్లా గడిచాయో ఆమెకే తెలియాలి. గోంగూర పులుసు మానేసింది. రసంలో మిరియం తగిలితే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. చిట్టి చూస్తుందని, అన్నంలో ఉత్త మజ్జిగ పోసుకుని కుడి పక్కనే నమిలేది. ఎడమ చెవిలో పోటు మొదలైంది. చెవిలో చీమ దూరిందేమోనని నూనె పోసుకుంది. నోట్లో పుండుకి చెవి ఎందుకు లాగాలి అని అడిగే ధైర్యం లేక చీమ మీద పెట్టుకుంది. ఆకు వేసుకుంటే మండుతుందని తెలిసి కూడా మానలేకపోయింది. భయం పెరిగిన కొద్దీ చెయ్యి తాంబూలం పెట్టె మీదికే పోయేది. పొగాకు తగలగానే కాసేపు నోరు మొద్దుబారి, ఏమీ లేదనిపించేది. అన్నిటికంటే ఘోరం మరొకటి. పొద్దున్నే చీర కుచ్చెళ్ళు దోపుకుంటుంటే, వంట చేస్తుంటే, తమ్ముడి తువ్వాలు వాసన ఎక్కడినుంచో వచ్చేది. తన నోట్లోంచే వస్తుందేమోనని అరచేతిలోకి ఊదుకుని వాసన చూసుకునేది.

ఆదివారం ఆదివారం బిట్రగుంట రైల్వే కాలనీకి సున్నం తీసుకుపోవడం ఆమె అలవాటు. అక్కడ ఎలిశబెతు టీచరమ్మ అని, రైల్వే బడిలో పాఠాలు చెప్పి రిటైరైన పెద్దావిడ ఉంది. చర్చి నుంచి వచ్చి, భోజనం చేసి, తాంబూలం వేసుకుంటే గానీ ఆవిడకు ఆదివారం పూర్తి కాదు. ఆవిడ మనవరాలు షారన్ నెల్లూరులో పళ్ళ డాక్టరు. నోటి జబ్బులూ చూస్తుంది. మాఘంలో ఒక ఆదివారం ఆదిశేషమ్మ పోయేసరికి ఆ పిల్ల ఇంట్లో ఉంది. అవ్వను కుర్చీలో కూర్చోబెట్టి నోరు తెరవమని బతిమాలుతోంది.

"నాకెందుకే నీ డాక్టరీ?" అని ఎలిశబెతు నవ్వుతోంది. "ముప్పై ఏళ్ళ నుంచి నా నోరు ఆదిశేషమ్మే చూస్తా ఉండాది. ఇదుగో, మాటల్లోనే వచ్చింది."

షారన్ కూడా నవ్వింది. "సరే అవ్వా. మరి ఆదిశేషమ్మ నోరు ఎవరు చూస్తారు?"

మామూలుగా వేళాకోళానికి అన్న మాట. ఆదిశేషమ్మ సున్నం డబ్బా మూత తీస్తున్నదల్లా ఆగింది. ఏదో జవాబు చెప్పబోయింది. ఎడమ అంచు పంటికి తగిలి మాట మెలిక పడింది. షారన్ నవ్వు ఆపి ఆమె వైపు చూసింది. మొహం వైపు కాదు, దవడ కిందికి చూసింది.

"ఎన్నాళ్ళయింది మీరు ఇట్లా మాట్లాడబట్టి?"

"ఎట్టా మాట్లాడతా ఉండా? బాగానే ఉండా గదా!" అంటూనే ఆదిశేషమ్మ డబ్బా మూత పెట్టింది. "బస్సుకి టైమయింది టీచరమ్మా. వస్తా." సున్నం ఇవ్వను కూడా ఇవ్వలేదు. వెనకనుంచి ఆ పిల్ల పిలుస్తున్నా తిరిగి చూడకుండా రైల్వే క్వార్టర్ల మధ్య దాదాపు పరిగెత్తింది. మొగుడి మీద చెయ్యెత్తిన మనిషి పాతికేళ్ళ పిల్లను చూసి పారిపోయింది.

బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాక ఊపిరాడింది. తప్పించుకున్నాననుకుంది. చెయ్యి దానంతట అదే దవడ కిందికి పోయింది. ఆ పిల్ల చూసిన చోటుకే పోయింది. చర్మం కింద చింతగింజంత ఏదో వేలి కింద జరిగింది. మళ్ళీ నొక్కింది. ఉంది. అప్పుడిక ఆమె ఆదివారాలు లెక్కబెట్టడం మొదలుపెట్టింది. పుండు కనపడ్డాక కాలనీకి ఎన్నిసార్లు వచ్చింది? ఒకసారి వాన పడింది. ఒకసారి క్రిస్మసుకు టీచరమ్మ కేకు పెట్టింది, ఎడమ పక్క తగలకుండా తిన్నది. లెక్క పదమూడు దగ్గర ఆగింది. మాల్యాద్రికి అయిదు నెలలు పట్టింది. తనకు మూడు నెలలు దాటాయి. అయితే ఇంకా రెండు నెలలుంది గదా అని మనసు ఒక మూల నుంచి చెప్పింది. ఆ గొంతు ఆమెకు బాగా తెలిసిందే. తమ్ముడికి సున్నమేరా అని చెప్పిన గొంతే అది.

బోగోలు సెంటర్లో దిగిపోయింది. బిట్రగుంట పోయే ఆటో ఎక్కింది. మళ్ళీ అదే గుమ్మం ముందు నిలబడి, డబ్బా కింద పెట్టి, "డాక్టరమ్మా, నా నోరు చూడు," అంది.

షారన్ ఆమెను వరండాలో వెలుతురుకు తిప్పి కూర్చోబెట్టింది. గుడ్డముక్కతో నాలుక కొసను పట్టుకుని పక్కకు లాగి, తొడుగు వేసుకున్న వేలితో ఆ పుండు చుట్టూ మెల్లగా తడిమింది. ఆదిశేషమ్మ కళ్ళు ఆ పిల్ల మొహం మీదే ఉన్నాయి. వేలు ఒక చోట ఆగింది. ఒక్క క్షణమే. ఆ ఆగడం ఏమిటో ఆదిశేషమ్మకు తెలుసు. ఇక ఈ పిల్ల 'సున్నమే' అంటుందా అని చూసింది. అంటే బాగుండునని ప్రాణం కొట్టుకుంది.

"ఇది సున్నం పొక్కు కాదు పెద్దమ్మా," అంది షారన్. "గట్టిగా ఉంది. దవడ కింద ఒక గడ్డ కూడా ఉంది. క్యాన్సరేనని ఇప్పుడే చెప్పను, ముక్క తీసి పరీక్ష చెయ్యాలి. కానీ కాదని మాత్రం మీకు అబద్ధం చెప్పలేను. రేపే నెల్లూరు రండి."

రేపు కాదు, వారం తర్వాత అనబోయింది ఆదిశేషమ్మ. ఎలిశబెతు ఆమె రెండు చేతులూ పట్టుకుని అప్పటికే కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టేసింది. పెద్దావిడ చేతుల్లోంచి చేతులు లాక్కోలేక కూర్చుంది.

ముక్క తీసేటప్పుడు సూది మందు వేశారు, చీమ కుట్టినంతే. ఫలితం కోసం కాచుకున్న ఎనిమిది రోజులే ప్రాణం తీశాయి. ఆ తర్వాత కాగితం వచ్చింది, స్కానింగులు అయ్యాయి. షారన్ తనే దగ్గరుండి, ఆపరేషన్లు చేసే పెద్ద డాక్టరు చెప్పిందంతా చిట్టికీ ఆమెకూ అర్థమయ్యేట్టు చెప్పింది. క్యాన్సరే. నాలుకలో ఉంది, మెడలో ఒక గ్రంథికి పాకింది. ఇంకా దూరం పోలేదు. ఆపరేషన్ చెయ్యాలి, తర్వాత కరెంటు పెట్టాలి. రేడియేషన్‌ని ఆసుపత్రి వరండాలో అందరూ కరెంటనే అంటారు.

"నాలిక మొత్తం కోసేస్తారామ్మా?" అని అడిగింది ఆదిశేషమ్మ. అడుగుతూ ఆ నాలుకనే పళ్ళ వెనక దాచుకుంది.

"మొత్తం కాదు. ఎడమ పక్క, చుట్టూ కొంచెం మంచి కండతో కలిపి తీస్తారు. మెడలో గ్రంథులు తీస్తారు. ముంజేతి దగ్గర చర్మం తీసి అక్కడ అతుకుతారు. మాట మొదట్లో ముద్దగా వస్తుంది, నేర్చుకోవాలి."

"నా సున్నమే చేసిందా ఇది?"

షారన్ స్కానింగు కాగితాలు మడిచి పక్కన పెట్టింది. "సున్నం నాలుకను రోజూ ఒరుస్తూ వచ్చింది. ఆ ఒరిసిన చోట పొగాకు, వక్క దిగినాయి. అసలు విషం వాటిదే పెద్దమ్మా. పొగాకు లేకుండా ఉత్త వక్క నమిలినా వస్తుంది. దానికి మందు తోడైతే ఇంకా తొందరగా వస్తుంది." ఆదిశేషమ్మకు బుగ్గలో పొగాకు దోపుకుని, ఒడ్డుకు రాగానే సీసా కోసం చెయ్యి చాపే తమ్ముడు కళ్ళ ముందు నిలబడ్డాడు.

ఆపరేషన్ గదిలోకి తోసుకుపోతుంటే ఆమె చిట్టి చెయ్యి వదల్లేదు. ఇన్నాళ్ళూ మనుషుల్ని కసిరిన మాటలు, ధర చెప్పిన మాటలు, పాటలు, తిట్లు అన్నీ అక్కడితో ఆఖరేమోనని ఏదో ఒకటి గట్టిగా చెప్పాలనిపించింది. తీరా నోరు తెరిస్తే, "బట్టీ మీద రేకు కప్పినావా?" అని మాత్రం వచ్చింది.

ఏడు గంటలు పట్టింది. కళ్ళు తెరిస్తే ముక్కులో గొట్టం, నోట్లో తనది కాని ఒక ముద్ద, మెడ నిండా కుట్లు. పద్దెనిమిది రోజులు ఆ గొట్టంలోనే పాలు, జావ. చిట్టికి పని పోతుందని, ఆ పద్దెనిమిది రోజులూ పక్కన ఉండి ఆ పాలు పోసింది ఎవరనుకున్నారు? పేరమ్మ. మొగుడికి చేసిన సేవే మళ్ళీ వదినకు చేసింది. గొట్టంలోకి పాలు మెల్లగా వదులుతూ, "ఏం గాదులే వదినా. నువ్వు తొందరగా చూపిచ్చుకున్నావు. ఆయనకి ఆ అదృష్టం లేకపోయింది," అనేది. ఆ మాట విన్నప్పుడల్లా ఆదిశేషమ్మ గోడవైపు తిరిగేది. కోత నొప్పని పేరమ్మ నర్సును పిలిచేది.

తర్వాత కరెంటు. దానికి ముందు పుచ్చిన పళ్ళు నాలుగు పీకారు. మొహానికి అచ్చుపోసిన ముసుగు బల్లకు బిగిస్తే కదలడానికి ఉండదు. వారానికి అయిదు రోజుల చొప్పున ఆరు వారాలు, ముప్పై సార్లు. నోరు ఇసుక పోసినట్టు ఎండిపోయింది. ఉప్పు లేదు, తీపి లేదు. ఇంటికి వచ్చాక ఒక రోజు పెరట్లో పాత కుండలో మిగిలిన సున్నం చూసి, అలవాటుగా వేలు ముంచింది. నోటి దాకా తెచ్చి ఆపేసింది. పెట్టుకున్నా అక్కడ చూసి చెప్పేందుకు ఏమీ మిగల్లేదు. ఆ సాయంత్రమే చిట్టితో కలిసి బట్టీ పడగొట్టింది. మళ్ళీ వస్తుందేమోనని నెల నెలా చూపించుకోవాలి. ఆ ఒక్క రోజు కోసం మిగతా నెలంతా భయపడుతూ ఉంటుంది. అది ఇప్పటికీ అంతే.

మాట మాత్రం నేర్చుకుంది. ఆసుపత్రిలో చెప్పినట్టు అద్దం ముందు కూర్చుని, ల, ర, స, న అంటూ బడిపిల్లలా దిద్దింది. కొన్ని అక్షరాలు లొంగేవి, కొన్ని లొంగేవి కావు. చిట్టికి అర్థమయ్యేది. పాళెంవాళ్ళకు సగం అర్థమయ్యేది.

మొన్న వేసవిలో పేరమ్మ వచ్చింది. ఎండు చేపల గంప దించి, చెంగుతో మొహం తుడుచుకుని, ఆదిశేషమ్మ ముందు చతికిలబడింది. మొగుడు పోయినప్పటినుంచి తోచక తాంబూలం అలవాటు చేసుకుంది. వదినకు ఇంత జరిగాక తగ్గించింది గానీ మానలేదు.

"వదినా, రవంత చూడు. లోపల దవడ పక్కన గరగరా ఉండాది. అంగట్లో కొన్న సున్నం, నీ సున్నం మాదిరి గాదు. పొక్కించినట్టుండాది," అని నోరు తెరిచింది.

ఆదిశేషమ్మ ఆమెను వెలుతురుకు తిప్పింది. చెయ్యి కడుక్కుని వచ్చి వేలు పెట్టింది. తెల్లటి మచ్చ, రూపాయి బిళ్ళంత. వేలు దాని మీదుగా నడిచింది. ఒక కొసన, చాలా కొంచెం, గరుకు కింద గట్టిగా తగిలింది.

పేరమ్మ కళ్ళు ఆమె కళ్ళలోకే చూస్తున్నాయి. మూడేళ్ళ కిందట తమ్ముడు చూసినట్టే. ఆదిశేషమ్మకు నోరు ఎండిపోయింది. ఎండడానికి అందులో తడి ఎక్కడుంది గనక! ఏ దేవుడైనా వచ్చి, ఇది సున్నమే అని ఆమె చేత అనిపిస్తే బాగుండుననిపించింది. అట్లా అనేసి, కొబ్బరినూనె సీసా చేతికిచ్చి పంపేస్తే ఇద్దరికీ నాలుగు రోజులు సుఖంగా గడిచిపోతాయి.

"సున్నం గాదు," అంది.

మాట ముద్దగా వచ్చింది. పేరమ్మకు అర్థం కాలేదు. "ఏందీ?"

"సున్నం... గాదు." అతికించిన ముక్కను పంటికి ఆనించి, ఒక్కో అక్షరం తోసింది. "గట్టిగా ఉండాది. పద. ఇప్పుడే. డాక్టరమ్మ కాడికి."

పేరమ్మ మొహం తెల్లబోయింది. లేవబోయి, మళ్ళీ కూర్చుంది. ఆదిశేషమ్మ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇక ఇది కూడా చెప్పకపోతే ఈ చెయ్యి పట్టుకునే అర్హత తనకు లేదనిపించింది.

"మాల్యాద్రిది... కూడా సున్నం గాదు. ఆ పొద్దే నా యేలికి తగిలింది. గట్టిగా. నాకు బయమేసింది. చెప్పలా."

పేరమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. గంప మీద గుడ్డ కప్పి, చెంగు నడుముకు దోపుకుని, బస్సు ఆగే చోటుకు నడిచింది. ఆదిశేషమ్మ పదడుగుల వెనక నడిచింది. బస్సులో పేరమ్మ ముందు సీట్లో కూర్చుంది. నెల్లూరు దాకా ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

షారన్ ఆసుపత్రిలో పేరు పిలిచారు. పేరమ్మ లేచి తలుపు దాకా పోయి ఆగిపోయింది. అప్పుడు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"దూరంగా కూర్చుని ఏం జేస్తావు?" అంది, గొంతు కరుగ్గా. "లోపలికి రా. యాడ గట్టిగా తగిలిందో నువ్వే చెప్పాల. ఈసారన్నా చెప్పు."

ఆదిశేషమ్మ లేచి ఆమె వెంట లోపలికి పోయింది.